రాత్రంతా తలకు పట్టించుకుని పడుకునేవి: ఏది జుట్టుకు పనికొచ్చింది, ఏది దిండుకు అంటింది

ముందు నా జుట్టు గురించి చెప్తాను. రాసినవాళ్ళ జుట్టు ఎలాంటిదో తెలియకుండా వాళ్ళిచ్చిన స్టార్లు చూసి ఏదైనా కొంటే డబ్బు దండగే. నాది ఉంగరాల జుట్టు, వీపు సగం దాకా ఉంటుంది. పై సగం మామూలుగానే పెరిగింది, కింది సగం మాత్రం బ్లీచ్ తిని, రంగు పడి, అది వెలిసిపోయి, మళ్ళీ రంగు పడిన బాపతు. మాడు రెండో రోజుకే జిడ్డు కారుతుంది, చివర్లేమో ఎప్పుడు ముట్టుకున్నా పీచులా తగులుతాయి. ఇలాంటి తలకు "రాత్రి పూసుకోండి, ఉదయానికి పట్టులా" అని ఎవరు చెప్పినా టెంప్ట్ అవ్వకుండా ఉండటం కష్టం. అలా టెంప్ట్ అయి వాడినవన్నీ ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను: సహజమైనదని డబ్బా మీద రాసుకున్న ఒక ఓవర్‌నైట్ మాస్క్, కొబ్బరి నూనె, కలబంద జెల్, ఆముదం, షియా బటర్, గ్లిజరిన్ ఉన్న స్ప్రే, చివరికి ఒక శాటిన్ క్యాప్.

తీర్పు ఇప్పుడే కావాలంటే ఇదిగో. రాత్రంతా ఉంచినందుకు ఫలితం కనిపించింది కొబ్బరి నూనెకు, శాటిన్ క్యాప్‌కు. మాస్క్ మంచిదే, కాకపోతే దాన్ని రాత్రంతా మోయాల్సిన అవసరం లేదు. మిగతావాటి సంగతి ఒక్కొక్కటిగా చెప్తాను.

అసలు "తేమ" అనే దగ్గరే మనల్ని బాగా తికమక పెడుతున్నారు. పొడిబారిన జుట్టంటే నీళ్ళు లేని జుట్టు, కాబట్టి నీళ్ళు పట్టిస్తే సరిపోతుందని అనుకుంటాం. జుట్టుకు నీళ్ళు తాగడం పెద్ద పనే కాదు. నానితే తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకుంటుంది, పొడవు పెద్దగా మారదు కానీ మందం బాగా పెరుగుతుంది, ఆరగానే గదిలో గాలికి ఎంత తేమ ఉందో దాన్నిబట్టి మళ్ళీ సర్దుకుంటుంది. మీరు రాత్రి పట్టించిన నీరు మర్నాడు మధ్యాహ్నానికి అందులో ఉండదు. బ్లీచ్ చేసిన జుట్టయితే మామూలు జుట్టుకంటే ఎక్కువ పీలుస్తుంది, అయినా చేతికి పొడిగానే తగులుతుంది. అంటే కొరత నీటిది కాదు. వెంట్రుక పైన పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి, వాటి మీద ఒక పలచటి కొవ్వు పొర ఉంటుంది. జుట్టు జారుడుగా, మెత్తగా అనిపించేది ఆ పొర వల్లే. బ్లీచింగ్ దాన్ని తుడిచిపెట్టేస్తుంది, అది తిరిగి పెరగదు, ఎందుకంటే మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందనుకుంటే, మాడు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చివర వయసు మూడేళ్ళు దాటింది. మూడేళ్ళ తలస్నానాలు, దువ్వెనలు, ఎండ, డ్రయ్యర్ అన్నీ చూసేసిన ముక్క అది. దానికి మనం చేయగలిగింది రెండే: తడిసినప్పుడు మరీ ఉబ్బకుండా చూడటం, పైన ఏదో ఒకటి పూసి రాపిడి తగ్గించడం. ఏ ప్రొడక్ట్ అయినా ఈ రెండింట్లో ఏది చేస్తోందో అడిగితే చాలు, ముందువైపు లేబుల్ చదవక్కర్లేదు.

కొబ్బరి నూనెతో మొదలుపెడతాను, ఎందుకంటే పూసుకునేవాటిలో ఎక్కువ మార్కులు దానికే. ఇందులో సుమారు సగం లారిక్ ఆమ్లం అనే ఒక కొవ్వు ఆమ్లం. చిన్న అణువు, గొలుసు తిన్నగా ఉంటుంది, అందుకే వెంట్రుక లోపలికి దిగగలదు. ఇది ఊరికే నమ్మకం కాదు, 2003లో మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె), పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరి నూనె మూడింటినీ పోల్చి చూసిన ఒక పరిశోధన వచ్చింది. మామూలు జుట్టులోనూ బ్లీచ్ చేసిన జుట్టులోనూ, తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా, ప్రోటీన్ నష్టాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. మినరల్ ఆయిల్ పైపైనే ఉండిపోతుంది. లోపలికి దిగడానికి టైమ్ పడుతుంది కాబట్టి, రాత్రంతా ఉంచడమనే దానికి అర్థం ఉన్నది ముఖ్యంగా ఇక్కడే. లోపల నూనె చేరితే తర్వాత తల తడిసినప్పుడు నీరు అంతగా చొరబడదు, వెంట్రుక ఉబ్బడం తగ్గుతుంది. అంటే ఇది "తేమ ఇచ్చే" నూనె కాదు, ఓ రకంగా నీళ్ళను ఆపే నూనె. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ పనిచేస్తున్నది అలాగే.

ఎలా వాడతానంటే, పొడి జుట్టు మీదే, చెవుల కింద నుంచి మాత్రమే. అరచేతిలో ఒక చిన్న చెంచాడు వేసుకుని, రెండు చేతులకూ రుద్ది, చివర్ల నుంచి పైకి వెళ్తాను. చలిగా ఉంటే నూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి పొయ్యి మీద పెట్టనక్కర్లేదు, చేతివేడి చాలు. పాయల మధ్య నూనె కనిపించాలి కానీ కారకూడదు. కారిందంటే ఎక్కువైనట్టే, ఎక్కువ పోసినంత మాత్రాన ఎక్కువేమీ పట్టదు, మిగిలింది దిండుకు. వదులుగా జడ వేసి పడుకుంటాను. పొద్దున్నే ఆ చివర్లను రెండు వేళ్ళ మధ్య పెట్టి లాగితే తేడా తెలుస్తుంది, వేలికి గరగరమని తగిలేవి జారిపోతాయి. అది చూసి మురిసిపోకండి, అప్పుడు తగిలేది నూనే. అసలు పరీక్ష తలస్నానం చేసి ఆరిన తర్వాత. నా విషయంలో తడిజుట్టు విప్పేటప్పుడు చిక్కులు తగ్గాయి, స్నానాల గదిలో జాలీ మీద తేలే చిన్న చిన్న తెగిన ముక్కలు బాగా తగ్గాయి. మెరుపు కొంచెం. చిట్లిన చివర్లు మాత్రం చిట్లినట్టే ఉన్నాయి. వాటిని అతికించే నూనె ఏదీ లేదు, కత్తెరే గతి.

నూనె వదిలించుకోవడం ఒక పెద్ద గోల కదా, దానికి ఒక ఉపాయం ఉంది. తలమీద నీళ్ళు పోసుకోకముందే నూనె ఉన్న భాగానికి మామూలు కండిషనర్ పట్టించి, కాసేపు పిసికి, తర్వాత కడిగి, అప్పుడు మాడుకు మాత్రం షాంపూ. కండిషనర్ కూడా నూనెను పట్టుకుని తీసుకుపోతుంది. దీనివల్ల రెండుసార్లు షాంపూ రుద్దే అవసరం తప్పుతుంది. రాత్రంతా కాపాడి పొద్దున్నే రెండుసార్లు రుద్ది పాడుచేస్తే ఏం లాభం?

ఇంకో మాట, కొబ్బరి నూనె అందరికీ పడదు. కొందరి జుట్టు దీనితో బిరుసెక్కుతుంది, ముఖ్యంగా ఎప్పుడూ ఏ రసాయనమూ తగలని, మందపాటి జుట్టు ఉన్నవాళ్ళు ఇలా అనడం చాలాసార్లు విన్నాను. రెండు మూడు తలస్నానాలకు అదే జరిగితే ఇక పట్టుబట్టకండి.

ఇక డబ్బా మాస్క్. పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ కథ కాదు, ఈ రకం డబ్బాలన్నీ ఇంచుమించు ఇంతే. ముందు ఆకులు, పువ్వులు, తేనె చుక్క బొమ్మ. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. వరసలో మొదట నీరు, తర్వాత సెటియరిల్ ఆల్కహాల్, తర్వాత బెహెంట్రైమోనియం క్లోరైడ్, గ్లిజరిన్, తర్వాత ఫినాక్సీఇథనాల్, దాని తర్వాత ఎక్కడో ఆర్గాన్ నూనె, కలబంద, తేనె. చాలా దేశాల్లో నియమం ఏమిటంటే, ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను పరిమాణం ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, అంతకంటే తక్కువున్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్, యూరప్ నిబంధనల్లో దాని గరిష్ఠ పరిమితే 1 శాతం. కాబట్టి దాని తర్వాత కనిపించే ఆకులూ పువ్వులూ ఒక్కొక్కటి మహా అయితే ఒక చిటికెడు. ఈ ఒక్క చిట్కాతో అంగట్లో సగం డబ్బాలు వెనక్కి పెట్టేయవచ్చు.

అలాగని ఈ మాస్క్ పనికిరాదా అంటే, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే పనిచేస్తున్నది బొమ్మలో ఉన్న ఆకు కాదు, ఆ నోరు తిరగని పేరున్న రెండోమూడో పదార్థం. బెహెంట్రైమోనియంకు ధన విద్యుదావేశం ఉంటుంది, పాడైన జుట్టు మీద రుణావేశం ఎక్కువ, అందుకే ఎక్కడ ఎక్కువ దెబ్బతిందో అక్కడే వెళ్ళి అతుక్కుంటుంది. సెటియరిల్ ఆల్కహాల్ పేరు చూసి భయపడేవాళ్ళుంటారు, అది ఆరబెట్టే స్పిరిట్ కాదు, మైనంలాంటి కొవ్వు ఆల్కహాల్, మెత్తదనం ఇచ్చేదే. ఈ అతుక్కోవడమంతా నిమిషాల్లో అయిపోతుంది. నేను ఒకవైపు జడకు రాత్రంతా ఉంచి, రెండోవైపు పొద్దున్న పది నిమిషాలు ఉంచి, రెండూ ఒకేసారి కడిగి చూశాను. ఇంట్లోవాళ్ళను కళ్ళు మూసుకుని ముట్టుకోమంటే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నాకూ తేడా తెలియలేదు. మరి "ఓవర్‌నైట్" ఎందుకు రాశారు? రాస్తే అమ్ముడవుతుంది కాబట్టి.

పైగా దీన్ని రాత్రి పూసుకోవడంలో నష్టం కూడా ఉంది. ఇందులో ఎక్కువ భాగం నీరే, జుట్టు గంటల తరబడి తడిగా ఉంటుంది. తడి జుట్టు లోపల, దాని ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు చాలావరకు విడిపోయి ఉంటాయి, అది సాగుతుంది, సులువుగా దెబ్బతింటుంది. ఆ స్థితిలో దిండు మీద ఏడు గంటలు అటూ ఇటూ దొర్లడం బ్లీచ్ చేసిన జుట్టుకు మంచిది కాదు. మాటిమాటికీ ఉబ్బి, ఆరి, మళ్ళీ ఉబ్బితే వెంట్రుక అలసిపోతుంది కూడా. ప్లాస్టిక్ షవర్ క్యాప్ పెట్టుకుని పడుకోమనే సలహా ఇంకా దారుణం. ఆ చెమటకు నా మాడు దురద పెట్టి అర్ధరాత్రి లేచి తీసేశాను. సో, మాస్క్‌కు నాలుగు స్టార్లు, దాని మీద రాసిన వాడే విధానానికి ఒకటి.

కలబంద. ఇందులో 98 శాతానికి పైగా నీరే, మిగతా కొంచెంలో కొన్ని చక్కెర గొలుసులుంటాయి, అవి ఆరాక వెంట్రుక మీద పలచటి పొరలా అంటుకుంటాయి. ఉంగరాలు విడిపోకుండా పట్టి ఉంచడానికి బాగుంటుంది, హెయిర్ జెల్ అనుకుని వాడితే నిరాశ ఉండదు. తేమ మాస్క్ అనుకుని రాత్రి పూసుకుంటే పొద్దున్నకు జుట్టు కరకరలాడుతుంది, మెత్తబడదు. ఆకు కోసి నేరుగా వాడేవాళ్ళు ఒకటి గమనించాలి, తొక్క కిందనుంచి పసుపురంగు ద్రవం కారుతుంది, అది చర్మానికి మంట పుట్టించవచ్చు. ఆకును నిలబెట్టి అదంతా కారిపోయాక, కడిగి, లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఆ గుజ్జు కూడా ఎప్పటికప్పుడు వాడేయాలి, అందులో ప్రిజర్వేటివ్ ఏదీ ఉండదు. పైన నేను వెక్కిరించిన ఫినాక్సీఇథనాల్ చేసే మేలు ఇదే మరి, అది లేకపోతే నీళ్ళున్న ఏ డబ్బాలోనైనా బూజు పట్టడానికి ఎక్కువ టైమ్ పట్టదు.

గ్లిజరిన్ స్ప్రే గురించి ఎవరిని అడిగినా ఒకరు ఆహా అంటారు, ఇంకొకరు ఛీ అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. గ్లిజరిన్ గాలిలోంచి నీటిని లాగుతుంది. గాలిలో తేమ ఓ మోస్తరుగా ఉంటే హాయిగా ఉంటుంది. ఉక్కపోత రోజున అదే గ్లిజరిన్ మరీ ఎక్కువ లాగేసి జుట్టంతా ఉబ్బి లేచిపోతుంది, పైగా చేతికి బంకబంకగా. పొడి గాలిలో, ఏసీ గదిలో లాగడానికి బయట ఏమీ ఉండదు కాబట్టి చేసే మేలూ అంతంతమాత్రమే. తేనెదీ ఇదే తంతు, దానికి తోడు దిండుకు అంటుకునే సౌభాగ్యం. గదిలో గాలి ఎలా ఉందో చూడకుండా ఈ రెండింటికీ రేటింగ్ ఇవ్వడం కుదరదు. అందుకే నేను ఇవ్వట్లేదు.

ఆముదం విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇందులో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం, అందుకే అంత చిక్కగా, జిగటగా ఉంటుంది. జుట్టు ఒత్తుగా పెరుగుతుందని పూసుకునేవాళ్ళే ఎక్కువ, ఆ మాటకు సరైన రుజువు లేదు. ఒత్తుగా కనిపించడం మాత్రం నిజమే, వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని లావుగా కనిపిస్తాయి. అసలు టెన్షన్ ఆ జిగటతోనే. 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు ఉంది, పొడవాటి జుట్టున్న ఇరవయ్యేళ్ళ అమ్మాయి కొబ్బరి నూనె, ఆముదం కలిపి పూసుకుని తలస్నానం చేస్తే జుట్టంతా విడదీయలేనంతగా ముద్దకట్టేసింది, చివరికి కత్తిరించాల్సి వచ్చింది. ఇది అరుదైన సంగతే, ఆముదం వాడే ప్రతివాళ్ళకూ జరగదు. అయినా పొడవాటి, పాడైన, ఉంగరాల జుట్టు మీద రాత్రంతా ఆముదం ఉంచి, పొద్దున్నే జుట్టంతా నడినెత్తికి చేర్చి షాంపూ రుద్దే ధైర్యం నాకు లేదు. కనుబొమలకు వాడుకుంటాను, అంతే.

షియా బటర్, జొజోబా, ఆర్గాన్ మూడింటినీ ఒకే వాక్యంలో కట్టేయవచ్చు: ఇవి ప్రధానంగా పైన ఉండి రాపిడి తగ్గిస్తాయి, కాబట్టి తలస్నానం తర్వాత చివర్లకు రెండు చుక్కలు రాస్తే చాలు, రాత్రంతా తలంతా నానబెట్టాల్సిన పనిలేదు. షియా చాలా బరువు, గట్టి ఉంగరాల జుట్టుకు సుఖంగా ఉంటుంది, నాలాంటి సగం సగం జుట్టును నెత్తికి అతికించేస్తుంది. జొజోబా నూనె అంటారు కానీ నిజానికి ద్రవరూపంలో ఉన్న మైనం, తొందరగా పాడవదు, వాసన ఉండదు. ఈ మూడింట్లో ఒక్కటే కొనాలంటే నా ఓటు దానికే.

గుడ్డు మాస్క్ గురించి అడక్కండి. గుడ్డులోని ప్రోటీన్ అణువులు పెద్దవి, వెంట్రుకలోకి దూరలేవు. డబ్బాల్లో హైడ్రొలైజ్డ్ ప్రోటీన్ అని రాసి ఉండేది వాటిని చిన్న ముక్కలు చేసిన రకం, అది వేరు. వాసన సంగతి సరేసరి, వేడినీళ్ళతో కడిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

శాటిన్ క్యాప్ మీద నాకు పెద్ద ఆశ లేదు, ఎవరో ఇస్తే పెట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరున్నవాటిలో ఒక్కటే ఉంచుకోమంటే దాన్నే ఉంచుకుంటాను. అది జుట్టుకు ఏమీ ఇవ్వదు. దూది బట్ట గరుకుతనం, అది పీల్చేసే నూనె, రాత్రంతా జరిగే రాపిడి, ఈ మూడింటినీ ఆపుతుంది అంతే. పూసినది తలకే ఉంటుంది, ఉంగరాలు పొద్దున్నకు చెదరవు, మెడ వెనక రోజూ కట్టే ఆ చిన్న ఉండ, దువ్వెనకు లొంగనిది, అది కట్టడం మానేసింది. పట్టే కావాలని ఖరీదు పెట్టక్కర్లేదు. శాటిన్ అనేది నేత పద్ధతి, పాలియెస్టర్‌తో నేసినా నున్నగానే ఉంటుంది, చెమట మాత్రం పట్టుకంటే ఎక్కువ పోస్తుంది. కొనేటప్పుడు ఎలాస్టిక్ చూడండి. నా మొదటిది నుదుటి మీద గీత పడేంత బిగువు, ఆ అంచున ఉండే సన్నటి జుట్టును అదే తెంపుతుంది. ఇప్పుడున్నది వెనక ముడి వేసుకునే రకం, తెల్లవారేసరికి మంచం పక్కన దొరికే రోజులూ ఉన్నాయి కానీ నయమే. క్యాప్ పెట్టుకుని పడుకోవడం మీ వల్ల కాకపోతే దిండుకు శాటిన్ కవర్ వేసుకోండి, క్యాప్ అంత కాదుగానీ చాలావరకు అదే పని చేస్తుంది.

మాడు గురించి ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ జుట్టు పొడవుకే, కుదుళ్ళకు కాదు. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకు నూనె పట్టించి రాత్రంతా వదిలేస్తే పొడి పోయి బాగుంటుందనుకుంటారు, కానీ చుండ్రుకు కారణాల్లో ఒకటైన మలాసీజియా అనే ఫంగస్‌కు ఆ కొవ్వులే తిండి. ఆ రాత్రికి పొట్టు కనబడదు, తర్వాత మళ్ళీ మొదలు. నుదుటి మీద, చెంపల పక్కన చిన్న చిన్న మొటిమలు వస్తున్నాయంటే రాత్రి పూసిన నూనె అక్కడికి జారుతోందేమో చూసుకోండి. కొత్తది ఏదైనా సరే, సహజమైనదైనా సరే, ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడటం మంచిది. చెట్టునుంచి వచ్చిన వాటికీ అలర్జీలుంటాయి, ముఖ్యంగా సువాసన కోసం వేసే ఎసెన్షియల్ ఆయిల్స్‌కు.

ఎవరు ఏం కొనాలంటే: బ్లీచింగో స్ట్రెయిటెనింగో చేయించుకున్న జుట్టయితే తలస్నానానికి ముందు రాత్రి కొబ్బరి నూనె, తలస్నానంలో మంచి కండిషనర్ పది నిమిషాలు, రోజూ రాత్రి శాటిన్. సన్నటి, తిన్నని, తొందరగా జిడ్డయ్యే జుట్టయితే నూనె రాత్రంతా వద్దు, స్నానానికి రెండు మూడు గంటల ముందు చివర్లకు మాత్రం చాలు. గట్టి ఉంగరాల జుట్టువాళ్ళు నూనె స్థానంలో షియా ప్రయత్నించవచ్చు, వాళ్ళకు నా రివ్యూ కంటే అలాంటి జుట్టున్నవాళ్ళ రివ్యూ ఎక్కువ ఉపయోగం.

క్యాప్ కొన్నవాళ్ళు దాన్ని ఉతకడం మాత్రం మర్చిపోకండి. నూనె పట్టిన శాటిన్ కొన్ని వారాలకు పాత నూనె కంపు కొడుతుంది, ఎంత ఉతికినా ఆ వాసన పూర్తిగా పోదు. రెండు క్యాపులు పెట్టుకుని, నూనె రాత్రులకు ఒకటి, మామూలు రాత్రులకు ఒకటి వాడుతున్నాను, నూనెదాన్ని ప్రతిసారీ అదే పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం షాంపూ వేసి ఉతికేస్తున్నాను.